ఉషశ్రీ ఆడినంతసేపు

చెరకు నరికాక చేలల్లో ఆకు తగలబెట్టే రోజుల్లో ఉయ్యూరులో తెల్లబట్ట ఆరెయ్యడం కష్టం. ఎండెక్కేసరికి పొలాల మీంచి నల్లటి నుసి లేస్తుంది. లేచినది ఊరి మీదికొచ్చి తీరుబడిగా దిగుతుంది, ఆరేసిన దుప్పట్ల మీద, డాబాల మీది వడియాల మీద, తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్ళ వీపుల మీద. అందుకని ఆ వీధి ఆడవాళ్ళు ఉతికిన బట్టలు బకెట్లలో వేసుకుని ఉషశ్రీ వాళ్ళ వాకిట్లోకి వచ్చేవాళ్ళు.

"ఉషా, కూర్చున్నావా?" పక్కింటి తెరేసమ్మ గోడవతల నుంచే కేకేసేది.

"కూర్చున్నాను వదినా, రండి."

ఉషశ్రీ గుమ్మం పక్కన గోడకి చేరగిలబడి, కాళ్ళు చాపుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని పియానో ఆట మొదలుపెట్టేది. తెర మీద నాలుగు వరసలు. పైనించి నల్లటి పలకలు దిగుతుంటాయి. ఒక్కొక్క పలకా కింది అంచు దాటిపోయేలోపు దాన్ని వేలితో తాకాలి. తాకితే పియానో మెట్టొకటి మోగుతుంది. వరసగా తాకుతూ పోతే పాటవుతుంది. ఒక్కటి తప్పిపోతే తెర ఎర్రబడి, గరగరమని శబ్దం వచ్చి ఆట ముగుస్తుంది. అంతే ఆట. అందులో ఇంకేమీ లేదు. ఉషశ్రీకి నచ్చింది కూడా అదే.

ఆమె ఆడుతున్నంతసేపూ నుసి కిందికి దిగేది కాదు. మనిషెత్తున కొంత, ఇంకా పైన కొంత, ఎక్కడి రేణువు అక్కడ ఆగి ఉండేది. దాని కింద ఆడవాళ్ళు తీగల మీద చీరలు పరుచుకుని, ఆ కబురూ ఈ కబురూ చెప్పుకుని, ఆరాక మడతలు పెట్టుకుని, "ఇక చాల్లేమ్మా" అనేవాళ్ళు. ఉషశ్రీ వేళ్ళు తీసేది. అప్పుడు నుసంతా ఒక్క విడతన ఖాళీ తీగల మీదికి రాలేది.

"ఇవాళ మరీ మెత్తగా ఉంది. ఎవరో కొబ్బరిమట్టలు కూడా కాల్చినట్టున్నారు," అనేది తెరేసమ్మ చీపురు అందుకుంటూ. అంతకుమించి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

ఆగేది నుసి ఒక్కటే కాదు. ఆమె ఆడుతుంటే, గట్టిగా పిలిస్తే వినపడేంత దూరంలో ఏదీ పడేది కాదు. కావాలని దించిన బిందె దిగేది, నడిచే కాలు నేలకానేది. కానీ జారినదీ, రాలినదీ, తూలినదీ ఎక్కడిదక్కడ నిలిచిపోయేది. వేపపూత గాల్లోనే ఉండిపోయేది. గోడెక్కిన పిల్లలు కాలు జారితే, గోడకీ నేలకీ మధ్య కూర్చుని, ఎవరో ఒకరు వచ్చి దింపేదాకా కాళ్ళూపుకుంటూ ఉండేవాళ్ళు. ఇబ్బందులూ లేకపోలేదు. నీళ్ళు వదిలే వేళ ఉషశ్రీ ఆడుతూ కూర్చుంటే, వీధి కుళాయిలోంచి వచ్చిన ధార బిందెదాకా రాకుండా గాజుకడ్డీలా వేలాడేది. "అమ్మాయ్, కాస్త ఆపవే, బిందె నిండనీ," అని లోపల్నుంచి అత్తగారు సుబ్బరత్నం అరిచేది. ఉషశ్రీ ఆపేది. బిందె నిండేది. మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ ఆట ఆమె ఫోనులో వేసింది తెరేసమ్మ కూతురు ఏంజెల్. చక్రి పెద్దకర్మ అయిపోయి, చుట్టాలంతా వెళ్ళిపోయిన మర్నాడు వేసింది.

చక్రి ఉషశ్రీ భర్త. విజయవాడలో హోర్డింగుల మీద ఫ్లెక్సీలు కట్టే పని. అంత ఎత్తున ఇనుప చట్రాల మీద పిట్టలా నడిచేవాడని అందరూ చెప్పుకునేవాళ్ళు. తెరేసమ్మ మొగుడు అంతోని, చక్రి ఒక జట్టు. ఒకడు పైకెక్కితే ఒకడు కింద నుంచి తాడు అందించేవాడు. ఆ రోజు ఎక్కాల్సింది అంతోని. కాలు బెణికిందంటే, "నువ్వుండరా, నేను కట్టేసొస్తా," అని చక్రి ఎక్కాడు. చట్రంలో తుప్పు పట్టిన కమ్మీ ఒకటి విరిగింది.

ఫోను వచ్చేసరికి ఉషశ్రీ కూర తరుగుతోంది. విన్నది. ఫోను పెట్టేసింది. మిగిలిన రెండు కాయలూ తరిగి, పళ్ళెం మీద మూత పెట్టి, అప్పుడు అత్తగారికి చెప్పింది. ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఎవరేం చెయ్యమంటే అది చేసింది. ఏడవలేదు. మొదట్లో అందరూ షాకు అన్నారు. కొన్నాళ్ళకి గుండె రాయి అన్నారు. ఆ రెండు మాటలూ ఆమె చెవిన పడ్డాయి. దేనికీ బాధనిపించలేదు.

ఏంజెల్ ఆట వేసిచ్చినప్పుడు, ఆ పిల్ల మొహం చూసి కాదనలేక తీసుకుంది. మొదటిసారి ఆడినప్పుడే అటక అంచు మీంచి జారిన ఇత్తడి పళ్ళెం సుబ్బరత్నం తలకి బెత్తెడు పైన ఆగింది. సుబ్బరత్నం తలెత్తి చూసి, పళ్ళెం అందుకుని, తుడిచి, అటక మీద పెట్టింది. పెట్టి, కోడలి వైపు తిరిగింది.

"ఇదేదో నీకు పదిహేను రోజుల ముందొచ్చుంటే బాగుండేదే," అంది.

"అవునత్తయ్యా," అంది ఉషశ్రీ తల ఎత్తకుండా.

ఆ విషయం వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. ఇంకోసారెప్పుడో మాత్రం, పొద్దస్తమానం ఆ ఆటలోనే ఉన్న కోడలిని చూసి విసుగొచ్చి సుబ్బరత్నం అంది: "దాన్ని పక్కన పెట్టవే. ఆడినంతసేపూ నీ కన్నీళ్ళు కూడా కిందపడటం లేదేమో, నీకేం తెలుసు."

ఉషశ్రీ కళ్ళు తడిమి చూసుకుంది. పొడిగా ఉన్నాయి.

గవర్నర్‌పేటలో ఒక సందులో రామకోటేశ్వరరావుకి ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపుంది. చక్రి పనిచేసింది ఆయన దగ్గరే. ఎండాకాలం మొదలవుతుండగా ఒక ఆదివారం ఆయన ఆపిల్ పళ్ళ సంచీ పట్టుకుని ఉయ్యూరు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, చాలాసేపు గోడ మీది ఫొటో చూశాడు.

"పైకెక్కేవాళ్ళు దొరకడం లేదమ్మా," అన్నాడు చివరికి. "చక్రి తర్వాత అందరికీ బెదురు పట్టుకుంది. కిరీటి అని ఒక కుర్రాడున్నాడు. చురుకైనవాడు. వాడేమన్నాడంటే, ఉషశ్రీ గారు కింద కూర్చుని ఆడుకుంటుంటే నేను ఎంత ఎత్తయినా ఎక్కుతాను సార్ అన్నాడు. నాకు నిన్ను అడగడానికి నోరు రావట్లేదు. అయినా అడుగుతున్నాను."

సుబ్బరత్నం గుమ్మంలోంచి కదల్లేదు. "కొడుకుని అక్కడికే పంపాను. కోడల్ని కూడా పంపమంటారా?"

"ఆ అమ్మాయి పైకెక్కక్కర్లేదండీ. నీడలో కుర్చీ వేయిస్తాను."

"వెళ్తానత్తయ్యా," అంది ఉషశ్రీ.

"ఎందుకే? ఇక్కడ నీకేం తక్కువైంది?"

"ఇక్కడైనా ఆడటమే. అక్కడైనా ఆడటమే కదా," అంది ఉషశ్రీ.

అలా ఆమె రోజూ పొద్దున్నే బందరు నుంచి వచ్చే బస్సెక్కి విజయవాడ వెళ్ళడం మొదలుపెట్టింది. దారిపొడుగునా ఆడేది. ఆమె ఎక్కిన బస్సులో నిలబడ్డవాళ్ళు బ్రేకు వేసినా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడేవాళ్ళు కాదు, కాస్త వంగి, వంగినట్టే ఉండి, మళ్ళీ నిటారయ్యేవాళ్ళు. కండక్టరు ఆమెని చూస్తే, "ముందు సీట్లోకి రండమ్మా, అక్కడ ముసలివాళ్ళు నిలబడ్డారు," అనేవాడు.

గవర్నర్‌పేటలో పని ఉన్న చోటల్లా ఆమెకి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసేవాళ్ళు. నగల షాపులు, పెళ్ళిళ్ళు, కోచింగ్ కాలేజీల ర్యాంకులు, ఎవరెవరివో పుట్టినరోజులు. ఎంతెంతో పెద్ద మొహాలు చుట్టలు చుట్టుకుని వచ్చి, ఆమె తల మీదుగా పైకి వెళ్ళి విప్పారేవి. ఆమె ఎవరి మొహమూ చూసేది కాదు. ఆటలో ముగింపు లేని పాట ఒకటుంది. తప్పు చేసేదాకా సాగుతూనే ఉంటుంది, సాగేకొద్దీ వేగం పెరుగుతుంది. పైనున్నవాళ్ళు కాలు మార్చేటప్పుడూ, షీటు లాగేటప్పుడూ ఆడేది. కుదురుకున్నాక కిరీటి పైనుంచి, "అక్కా, ఆపొచ్చు!" అని అరిచేవాడు. ఆపి, మళ్ళీ అవసరమైనప్పుడు నిదానంగా మొదట్నుంచి మొదలుపెట్టేది. అప్పుడప్పుడు కిరీటి చేతిలోంచి స్పానర్ జారేది. జారిన చోటే నిలిచేది. "సారీ అక్కా," అని వంగి తీసుకునేవాడు. ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి, "మేడమ్, కుర్చీ ఫుట్‌పాత్ మీదికి వేసుకోండి, బస్సు తిరగాలి," అని వెళ్ళిపోయేవాడు.

చక్రి పడిన చోటు అక్కడికి రెండు వీధుల అవతల. ఒకరోజు పని ఆ దారిలోనే పడింది. రామకోటేశ్వరరావు ఆటోని చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు. ఎందుకు తిప్పారో ఆమెకి అర్థమైంది. తిన్నగా తీసుకెళ్ళినా ఫరవాలేదని చెబుదామనుకుంది. చెప్పలేదు.

అంతోని మాత్రం చక్రి పోయిన దగ్గర్నుంచి ఆ పని ముట్టలేదు. ఊళ్ళోనే ఒక గోడౌనులో బస్తాలు మోస్తున్నాడు. పక్కింట్లోనే ఉంటున్నా ఉషశ్రీకి ఎదురుపడేవాడు కాదు. ఆమె వాకిట్లో ఉంటే పెరటి సందులోంచి వెళ్ళేవాడు. అసలా విషయం ఉషశ్రీ గమనించనే లేదు, ఒకరోజు తెరేసమ్మ వచ్చి చెప్పేదాకా.

"మీ అన్నయ్య మనిషిలా లేడు ఉషా," అంది తెరేసమ్మ. "మాటలేదు. పిల్ల దగ్గరికొచ్చినా పలకడు. గోడౌనులో బస్తా మోసినట్టే ఇంట్లోనూ తిరుగుతాడు. ఆయనకొచ్చిన పని ఆ ఎక్కే పనొక్కటే. నువ్వు కింద ఉంటే మళ్ళీ ఎక్కుతాడేమోనని నాకు ఆశ. ఆయన అడగమనలేదు. నేనే అడుగుతున్నా."

"రమ్మనండి వదినా."

తెరేసమ్మ ఆమె మొహంలోకి వెతికి చూసింది. "నీకు కష్టంగా ఉండదా? ఆయన బదులే కదా మీ ఆయన..."

ఉషశ్రీ నిజంగానే ఆలోచించింది. లోపల ఎక్కడైనా కష్టం తగులుతుందేమోనని, చీకటి గదిలో స్విచ్చు కోసం గోడంతా తడిమినట్టు తడిమి చూసింది.

"తెలియట్లేదు వదినా," అంది.

ఆ మరుసటి వారం అంతోని వచ్చాడు. బస్సులో ఆమె ముందు సీట్లో ఉంటే అతను వెనక ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడ్డాడు. షాపులోనూ అంతే, పక్కకి తిరిగి నిలబడేవాడు. మొదటిరోజు చట్రం మీద రెండు మెట్లెక్కి ఆగిపోయాడు. కింద పియానో మోగుతోంది. అతని చేతులు కమ్మీని వదలడం లేదు. కిరీటి పైనుంచి చెయ్యి చాపి, "రా బాబాయ్, అక్క ఆడుతోందిగా," అన్నాడు. చాలాసేపటికి అంతోని మూడో మెట్టెక్కాడు. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ మునుపటిలా పైకెళ్ళిపోయేవాడు. మాట మాత్రం రాలేదు. తాడు కట్టుకోవాల్సిన చోట కూడా ఒక్కోసారి కట్టుకునేవాడు కాదు. కిరీటి పోట్లాడి కట్టేవాడు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఏలూరు రోడ్డు దగ్గర, ఒక లాడ్జి డాబా మీది హోర్డింగు నుంచి పాత ఫ్లెక్సీ దింపాల్సి వచ్చింది. పొద్దుట్నుంచీ ఆకు కదల్లేదు. అంతోని, కిరీటి పైకెక్కాక పడమటి వైపు ఆకాశం మట్టిరంగుకి తిరిగింది.

"గాలిదుమారం వచ్చేట్టుంది, త్వరగా కానివ్వండ్రా!" అని కింద నుంచి రామకోటేశ్వరరావు అరిచాడు.

ఉషశ్రీ ఆడటం మొదలుపెట్టింది. పాట ఇంకా నిదానంగానే ఉంది.

గాలి మలుపు తిరిగి వచ్చింది. రోడ్డు మీది దుమ్ము, చిత్తుకాగితాలు, టీకొట్టు మీద రేకు, అన్నీ ఒక్కసారి లేచాయి. సగం ఊడదీసిన ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బింది. అంతోని నడుముకి కట్టుకున్న తాడు రెండో కొస ఒక ఇనుప కోణానికి కట్టి ఉంది. ఫ్లెక్సీ లాగిన లాగుడికి ఆ కోణం చట్రంలోంచి ఊడి వచ్చేసింది. దాంతోపాటు అంతోని.

ఉషశ్రీ చూడలేదు. చూడటానికి లేదు. రోడ్డు మీద పెద్ద కేక లేచి, అంతలోనే ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పియానో ఒక్కటే వినపడుతోంది.

"ఉషమ్మా," రామకోటేశ్వరరావు ఆమె చెవి పక్కకి వంగాడు. "ఆపకు. పైకి చూడకు. ఆపకమ్మా."

అంతోని, ఫ్లెక్సీ ఈడ్చినంత మేర డాబా అంచు దాటి వచ్చి, రెండో అంతస్తు ఎత్తున, గోడకి బారెడు దూరంలో, వెల్లకిలా గాల్లో ఉన్నాడు. అతని మీద ఇనుప కోణం. ఇంకా పైన ఫ్లెక్సీ, దాని మీద నగలు పెట్టుకుని నవ్వుతున్న పెళ్ళికూతురు. చుట్టూ కాగితాలు, ఆకులు, దుమ్ము, అన్నీ ఎక్కడివక్కడే.

"నిచ్చెన తెండి!"

"నిచ్చెన అందదండీ అంతెత్తుకి."

"లాడ్జి కిటికీలోంచి అందుకోండి!"

లాడ్జి వాళ్ళు పైకి పరిగెత్తారు. కిరీటి చట్రం దిగి, మెట్ల మీదుగా రెండో అంతస్తు వరండాలోకి వచ్చి, పిట్టగోడ మీద పొట్ట ఆనించి చెయ్యి చాపాడు. అందలేదు. ఎవరో గదుల్లోంచి దుప్పట్లు లాక్కొచ్చి ఒకదానికొకటి ముడేస్తున్నారు.

పాట వేగం పెరిగింది. మామూలుగా ఈపాటికి ఆపి మళ్ళీ మొదలుపెట్టేది. ఇప్పుడు ఆపడానికి లేదు. నల్లపలకలు జంటలుగా దిగుతున్నాయి. ఉషశ్రీ రెండు బొటనవేళ్ళు చాలక, ఫోను మోకాళ్ళ మీద పెట్టి నాలుగు వేళ్ళతో ఆడుతోంది. చెమట కణత మీంచి జారి, గడ్డం దగ్గర ఆగి నిలబడింది.

అప్పుడు ఫోను మోగింది. తెర పైభాగాన 'అత్తయ్య' అని పట్టీ ఒకటి దిగి, దిగే పలకల్ని కప్పేసింది. పలకలు ఆ పేరు కిందినుంచి, తాకాల్సిన క్షణానికి మాత్రమే బయటపడుతున్నాయి. ఉషశ్రీ ఇక ముందుగా చూసుకోవడం మానేసింది. వచ్చినదాన్ని వచ్చినట్టు తాకింది. రెండు పలకల మధ్య సందు దొరికితే చిటికెనవేలితో ఆ పేరుని పక్కకి తోసింది. ఫోను మోగడం ఆగింది. పాట ఆగలేదు.

పైన కిరీటి దుప్పటి విసిరాడు. దాని కొస అంతోని గుండె మీద పడబోయి, దానికి ఇవతలే గాల్లో నిలిచింది. చెయ్యెత్తితే అందుతుంది.

"పట్టుకో బాబాయ్!"

అంతోని చెయ్యెత్తలేదు.

"బాబాయ్! పట్టుకో!"

అంతోని మెడ తిప్పి కిందికి చూశాడు. అక్కణ్ణుంచి అతనికి ఉషశ్రీ నడినెత్తి పాపిడి, పరిగెడుతున్న వేళ్ళు కనిపిస్తున్నాయి. ఆమెతో మాట్లాడటం చక్రి పోయాక అతనికి అదే మొదటిసారి.

"చెల్లెమ్మా," అన్నాడు. అరవలేదు, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టే అన్నాడు. "నీ వేళ్ళు నొప్పెడతాయి. వదిలెయ్యమ్మా."

రోడ్డు మీద బస్సులు, ఆటోలు, స్కూటర్లు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి.

ఉషశ్రీ వేళ్ళు నొప్పెడుతున్నాయి. ఆ మాట అతను అనేదాకా ఆమెకి తెలియలేదు. గోళ్ళ కింద మంటగా, కణుపుల్లో సూదులు గుచ్చినట్టుగా, మణికట్టు దాటి మోచెయ్యిదాకా సలుపుతోంది. ఎన్నాళ్ళగానో తన శరీరం తనతో ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతోంది. ఆమెకి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు, అంతోని మీదో, కమ్మీ మీదో, కాలు బెణికిన రోజు మీదో, కట్టేసొస్తానన్న మనిషి మీదో.

"నొప్పెడుతున్నాయి!" అని అరిచింది ఫోను మీంచి కళ్ళు తియ్యకుండానే. "అందుకే త్వరగా పట్టుకోమంటున్నా అన్నయ్యా! ఎంతసేపని ఆడను నేను? పట్టుకో!"

ఆమె గొంతు అంత పెద్దగా ఉంటుందని రామకోటేశ్వరరావుకి తెలియదు. ఆమెకీ తెలియదు.

అంతోని చెయ్యెత్తాడు. దుప్పటి కొస మణికట్టుకి చుట్టుకున్నాడు. రెండో చేత్తో నడుముకున్న తాడు ముడి విప్పుకున్నాడు. వరండాలో నలుగురు లాగారు. అతను గాల్లోనే, నీళ్ళ మీద తెప్పలా, మెల్లగా గోడ వైపు జరిగాడు. కిరీటి చంకల కింద చేతులేసి పిట్టగోడ ఇవతలికి గుంజాడు. ఇద్దరూ వరండా గచ్చు మీద చతికిలబడ్డారు.

"వచ్చేశాడు!" అని అరుపులు.

"ఆపకమ్మా, ఇంకా ఆపకు," అన్నాడు రామకోటేశ్వరరావు. "ఇనుము పైనే ఉంది."

ఆయన, టీకొట్టతనూ చెరో పక్కా పట్టుకుని, ఆమెని కుర్చీతో సహా ఈడ్చుకుంటూ ఎదురు షాపు వసారాలోకి తీసుకెళ్ళారు. ఆమె ఆడుతూనే ఉంది. కానిస్టేబులు విజిల్ వేసి జనాన్ని తోసేశాడు. రోడ్డు ఖాళీ అయింది.

"ఇక చాలమ్మా."

ఆమె వినలేదు. వేళ్ళు వాటంతటవే పరిగెడుతున్నాయి. పలకలు విడివిడిగా కనపడటం మానేసి ఒకే నల్లటి ధారయ్యాయి.

"ఉషమ్మా. దిగాడమ్మా. ఇక చాలు."

ఆమె వేళ్ళు ఎత్తింది. తెర ఎర్రబడింది. రోడ్డు మీద ఇనుము పెద్ద చప్పుడుతో పడి, రెండుసార్లు దొర్లి ఆగింది. దాని మీద పెళ్ళికూతురు మెల్లగా కప్పుకుంది. కాగితాలు పడ్డాయి. ఆకులు పడ్డాయి. ఆ తర్వాత చాలాసేపు దుమ్ము పడుతూనే ఉంది.

అంతోని మెట్లు దిగి వచ్చి ఆమె కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరో సోడా తెచ్చి ఇస్తే పట్టుకుని కూర్చున్నాడు తప్ప తాగలేదు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ అతను లేచి పక్కకి వెళ్ళలేదు.

ఉషశ్రీ అత్తగారికి ఫోను చేసింది. వేళ్ళు వంగక, చూపుడువేలి కణుపుతో నొక్కింది.

"ఏమే, ఫోను కట్ చేశావు?" అంది సుబ్బరత్నం ఎత్తుతూనే.

"చేతులు ఖాళీ లేవత్తయ్యా. అంతోని అన్నయ్య పైనుంచి జారాడు."

అవతల వీధిలో ఎవరో మైకులో ఉప్పు అమ్ముకుంటూ పోతున్న కేక ఇటుదాకా వినపడింది.

"పడ్డాడా?" అంది సుబ్బరత్నం. అది ఆవిడ గొంతులా లేదు.

"లేదత్తయ్యా. పడలేదు."

"నిజం చెప్పు."

"నిజమే. పడలేదు. ఇక్కడే ఉన్నాడు. ఇవ్వనా?"

ఫోను అతని చేతికిచ్చింది. అంతోని దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "నేనేనమ్మా," అన్నాడు. ఆ తర్వాత వింటూ కూర్చున్నాడు. "ఆ," అన్నాడు. "లేదమ్మా." "ఆ. కట్టుకునే ఎక్కానమ్మా." "ఆ, చెప్తాను." ఒకసారి చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. చాలాసేపు విన్నాక ఫోను తిరిగి ఇచ్చాడు.

"ఏమన్నారు?"

"తిట్టారు," అన్నాడు అంతోని. "గాలి చూసుకోకుండా ఎక్కుతావా వెధవా అని తిట్టారు. ఇంకెప్పుడైనా చట్రం మీద కాలు పెడితే కాళ్ళు విరగ్గొడతానన్నారు."

అన్నాక అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఇంకేదో అయిపోయి, తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఉషశ్రీ అతని వీపు మీద చెయ్యి వేద్దామనుకుంది. వేసింది.

"నన్ను కూడా తిట్టారా?" అంది కాసేపటికి.

"నిన్నేమీ అనలేదు." అంతోని మొహం తుడుచుకున్నాడు. "అన్నం తిన్నావో లేదో అడగమన్నారు."

ఉషశ్రీ ఆలోచించింది. రోడ్డు మీద బస్సులు మళ్ళీ కదులుతున్నాయి. సందు చివర మెస్సులోంచి పప్పు తాలింపు వాసన వస్తోంది.

"లేదన్నయ్యా," అంది. "ఆకలేస్తోంది."